పెడల్ మీద వదిన కాలు

పోయిన వారం మనం ఆ తెల్ల వ్యాన్‌ని షెడ్డు మధ్యలో నాలుగు స్టాండ్ల మీద ఎక్కించి వదిలేశాం. అది ఇంకా అక్కడే ఉంది. మూతి సొట్టలు తీయించుకుని, కొత్త రంగు వేయించుకుని, పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చుంది గానీ దాన్ని నమ్మి ఎక్కే ధైర్యం ఎవరికీ లేదు. అది రోజూ బడిపిల్లల్ని ఎక్కించుకు తిరిగే బండి. ఆసుపత్రి వాలు దిగుతుండగా బ్రేకు పెడల్ ఒక్కసారిగా నేలకు తగిలింది, బండి పోయి ప్రహరీగోడను గుద్దింది. ఆ రోజు బడికి సెలవు కాబట్టి లోపల పిల్లలు లేరు. సరిచూసుకుందామని బండి తీసుకెళ్లిన అన్నకు మాత్రం ఎడమకాలు విరిగింది. పిండికట్టు వేయించుకుని మంచమెక్కిన అన్న ఆ రోజు నుంచీ ఒకటే మాట చెబుతున్నాడు: "ముందురోజు బ్రేకుల్లో గాలి తీసింది చెల్లెలు. నేను చక్రం కూడా ముట్టుకోలేదు."

ఆ ఒక్క మాటకే చెల్లెలి బతుకు తలకిందులైంది. వీధిలో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు, అందరికీ ఆమె పదో నంబరే. గౌనులు వేసుకునే వయసు నుంచీ నడుముకు పదో నంబరు స్పానర్ దోపుకుని తండ్రి వెనకాల తిరిగింది కాబట్టి ఆ పేరు అతుక్కుపోయింది. తండ్రి పోతూ పోతూ షెడ్డును కొడుక్కీ కూతురికీ చెరిసగం చేసి వెళ్లాడు. ఇప్పుడు ఆ సగమే పోయేటట్టుంది. వ్యాన్ నడిపేది వదిన, పిల్లల తల్లిదండ్రులకు జవాబు చెప్పుకోవలసిందీ వదినే. ప్రమాదం జరిగిన రోజు నుంచీ షెడ్డు వీధి తలుపుకు తాళం వేసి, ఆడపడుచును గడప తొక్కనివ్వలేదు. ఈ పొద్దునే కబురు పంపి, ఒకటే షరతు పెట్టింది.

"నా కాలి కింద పెడల్ నిలబడాలి. అది నీ తప్పు కాదని నా కళ్లకు చూపించాలి. చూపించావా, నీ సగం నీది. లేదంటే నీ పనిబల్ల వదిలేసి వెళ్లిపో. ఆ తర్వాత ఈ ఊళ్లో నీ చేతికి ఒక్క సైకిల్ కూడా రాకుండా నేను చూసుకుంటాను."

అందుకని వదిన డ్రైవరు సీట్లో కూర్చుంది. పదో నంబరు ఖాకీ కోటు తొడుక్కుని, చేతిలో స్పానరుతో వెనక చక్రం పక్కన అట్టముక్క పరచుకుని పడుకుంది. కథ ఇక్కడి నుంచి.

బ్రేకుల్లో గాలి తీయడం ఇద్దరి పని. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి. ఇంకొకరు చక్రం దగ్గరున్న నిపుల్‌ని, అంటే గాలి బయటికి వదిలే చిన్న మరని, స్పానర్‌తో కాస్త వదులు చేయాలి. అప్పుడు పైపుల్లో చిక్కుకున్న గాలి బ్రేకు ఆయిల్‌తో కలిసి బుడగలుగా బయటికొస్తుంది. నిపుల్ మళ్లీ బిగించేదాకా పెడల్ మీది కాలు తీయకూడదు. తీస్తే పోయిన గాలి పోయినట్టే వెనక్కి వస్తుంది. ఇంతే విద్య. కానీ ఇద్దరికీ పొత్తు కుదరాలి. పడని ఇద్దరు మనుషులు మాట్లాడుకోకుండా వంట చేసుకోవచ్చు, ఒకే ఆటోలో పెళ్లికి వెళ్లి రావచ్చు, ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకుంటూనే ఏళ్లకేళ్లు ఒక కప్పు కింద కాపురాలు చేసుకోవచ్చు. గాలి మాత్రం తీయలేరు.

"తొక్కు," అంది పదో నంబరు.

పైన సీటు కిర్రుమంది.

"ఇంకోసారి. మళ్లీ. ఊఁ, ఇప్పుడు పట్టుకో."

"పట్టుకునే ఉన్నాను. చెవుడు లేదు నాకు."

"నెమ్మదిగా తొక్కమన్నాను వదినా. అది బ్రేకు పెడల్, నా మెడ కాదు."

"నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి."

పదో నంబరు నిపుల్ తిప్పింది. సన్నటి గాజులాంటి గొట్టంలోంచి ఆయిల్ సీసాలోకి జారింది, దానితో పాటు రెండు మూడు బుడగలు. బిగించింది. "వదులు" అనేలోపే పెడల్ ఠప్పున పైకి లేచింది.

"నేను చెప్పాక వదలాలి!"

"చెప్పావనుకున్నాను."

"ఎప్పుడు చెప్పాను?"

"నీ గొంతు కింద నుంచి వస్తే మనిషి గొంతులా ఉండదు. ఏం చెప్పావో ఎవరికి తెలుసు!"

ఆడపడుచు అర్ధమొగుడంటారు. ఆ మాట పుట్టించిన పుణ్యాత్ముడు ఈ వదినను చూసి ఉండడు. అర్ధమొగుడి సంగతి సరే, అసలు మొగుడే ఆమె ముందు గొంతు తగ్గించి మాట్లాడతాడు. పదేళ్లుగా ఆమె ఆ వ్యాన్ నడుపుతోంది. ఏ పిల్లవాడు ఏ మలుపులో కిటికీలోంచి తల బయట పెడతాడో, ఏ పిల్ల ఏ రోజు ఏడుపు మొహంతో ఎక్కుతుందో ఆమెకు కంఠతా వచ్చు. సెలవు మర్నాడు పొద్దునే అదే వాలు మీద, అదే పెడల్ మీద కాలు పెట్టి, నిండు బండితో తాను దిగవలసింది. ఆ తలపు వచ్చిన ప్రతిసారీ కోపం ఎక్కడ చూపించాలో తెలియక ఆడపడుచు మీద చూపించేది.

పదో నంబరు కూడా మెత్తని మనిషేం కాదు. మాటకు మాట, పాటకు పాట.

"దానికి మిషను ఉంటుందట కదా," అంది వదిన పైనుంచి. "చక్రం దగ్గర పెట్టి లాగితే ఒక్కరే గాలి తీసేయొచ్చట. అది తెచ్చుకుని నీ తిప్పలేవో నువ్వు పడొచ్చుగా. నన్నెందుకు కూర్చోబెట్టావు?"

"తెచ్చి, నేనొక్కదాన్నే తీసి, పెడల్ నిలబడిందని చెబితే నువ్వు నమ్ముతావా?"

వదిన పెడల్ మీద కాలు సర్దుకుంది.

"అందుకే కూర్చోబెట్టాను. నీ కాలు నువ్వే నమ్ముకో. తొక్కు."

రెండో వెనక చక్రం దగ్గర అసలు గొడవ జరిగింది. పదో నంబరు నిపుల్ వదులు చేసి, గొట్టంలోకి చూస్తూ, "వదలకు, వదలకు" అంటూనే ఉంది. పైన వదిన అడిగింది: "ఆ రోజు కూడా ఇలాగే తీశావా? ఇంతే శ్రద్ధగా?"

"ఇంతే శ్రద్ధగా. వదలకు."

"ఇంత శ్రద్ధగా తీస్తే మా ఆయన కాలెందుకు విరిగింది?"

"వదినా, నిపుల్ తెరిచి ఉంది."

"చెప్పు. ఎందుకు విరిగింది?"

అని వదిన కావాలనే కాలు తీసేసింది. గొట్టంలో ఆయిల్ వెనక్కి పరుగెత్తింది. నిపుల్ మర పక్క నుంచి గాలి చుర్రుమని లోపలికి పోయింది. అప్పటిదాకా పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరైంది. పదో నంబరు స్పానర్‌ని నేలకేసి కొట్టి బండి కింద నుంచి బయటికొచ్చింది. బుగ్గ మీద ఆయిల్, జుట్టులో మట్టి. సరాసరి డ్రైవరు తలుపు దగ్గరకెళ్లింది.

"అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తావా? నా మీద కోపముంటే దిగి నా చెంప పగలగొట్టు. పెడల్ మీద మాత్రం చూపించకు. రేపు దీన్ని తొక్కేది నువ్వే. వెనకాల కూర్చునేది పరాయి పిల్లలు."

పిల్లల మాట ఎత్తడంతో వదిన మొహం ఎర్రబడింది. కొట్టినంత పని చేసింది. చేయి సగం లేచి స్టీరింగు మీద ఆగింది.

"పిల్లల పేరెత్తకు. నీకా అర్హత లేదు."

"అది తేలుద్దామనే వచ్చాను. కాలు పెట్టు."

మళ్లీ మొదటి నుంచి. పెడల్ తొక్కితే ఆయిల్‌ని ముందుకు నెట్టే మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలో ఆయిల్ తగ్గకుండా పోసుకుంటూ, ఈసారి ఒక్క అనవసరపు మాట లేకుండా ఇద్దరూ పని చేశారు. తొక్కు. పట్టుకో. వదులు. షెడ్డులో ఆ మూడు మాటలే తిరిగాయి. కాసేపటికి గొట్టంలో బుడగ లేకుండా ఆయిల్ నిండుగా రావడం మొదలైంది. వెనక చక్రాలు రెండూ అయ్యాయి.

"ఎలా ఉంది పెడల్?"

వదిన తొక్కి చూసింది. "దూదిలో కాలు పెట్టినట్టుంది."

"ఇంకా ముందువి ఉన్నాయిగా," అంటూ పదో నంబరు ముందు ఎడమ చక్రం బోల్టులు విప్పి, చక్రాన్ని పక్కకు దొర్లించింది. కింద కూర్చుని, అలవాటు చొప్పున పైకి చేయి పెట్టింది. చేతికి నిపుల్ తగల్లేదు. తల వంచి చూసింది.

కాలిపర్ తలకిందులుగా ఉంది.

ముందు చక్రాల్లో బ్రేకు డిస్కును రెండు వైపుల నుంచీ నొక్కిపట్టే ఇనుప పిడికిలే కాలిపర్. దానికి నిపుల్ ఎప్పుడూ పై చివర ఉండాలి. ఇక్కడ కింది చివర ఉంది, నేలకేసి చూస్తూ. ఆమె ఏమీ మాట్లాడకుండా లేచి అటు వెళ్లి, కుడి చక్రం కూడా ఊడదీసింది. అక్కడా అంతే. ఎడమదాన్ని కుడివైపు, కుడిదాన్ని ఎడమవైపు బిగించేశారెవరో.

ఆమెకు సంతోషం పొంగింది. తప్పు తనది కాదు. ఇన్నాళ్లుగా రాత్రుళ్లు పక్క మీద దొర్లుతూ, ఏ చక్రం దగ్గర నిపుల్ సరిగా బిగించలేదో అని తన చేతులను తానే అనుమానించుకుంది. తన చేతులు ఏ తప్పూ చేయలేదు.

"వదినా, దిగు."

"ఏం, అయిపోయిందా?"

"దిగి ఇది చూడు."

వదిన దిగి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, చెత్తకుప్పలోకి చూస్తున్నట్టు మొహం పెట్టి చూసింది. పదో నంబరు బల్ల మీది మంచినీళ్ల సీసా తీసుకుంది. సగం నీళ్లున్నాయి. మూతి పైకి పెట్టి చూపించింది. తర్వాత తిరగేసింది.

"సీసాలో గాలి ఎక్కడుంది?"

"పైన. చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పకు."

"ఎటు తిప్పినా పైకే పోతుంది. క్లచ్‌లో గాలి చిక్కుకుంటే నాన్న కింద నుంచి సిరంజితో ఆయిల్ ఎక్కించేవాడు, గుర్తుందా? దాని బుద్ధే పైకి పోవడం, మనమే దాని దారిన పోవాలి అనేవాడు. ఇప్పుడు దీన్ని చూడు. గాలి పోవాల్సిన నిపుల్ కింద ఉంది. గాలి పైన కూర్చుంది. నువ్వు పొద్దుగూకేదాకా తొక్కినా ఆయిలే వస్తుంది గానీ గాలి కదలదు. చదును రోడ్డు మీద రెండు మూడుసార్లు తొక్కితే బ్రేకు పడినట్టే ఉంటుంది. వాలు మీద గట్టిగా తొక్కితే అంతే సంగతులు."

వదిన నీళ్ల సీసా వైపు, చక్రం వైపు మార్చి మార్చి చూసింది. ఆమెకు అర్థమైంది. బండి నడిపే మనిషి, అర్థం కాకుండా ఎలా ఉంటుంది? అయినా ఒప్పుకోవడం వేరు.

"అయితే తారుమారు చేసి బిగించింది నువ్వే."

"నేను ముందు కాలిపర్లు విప్పనే లేదు. ఆ రోజు గాలి తీశాను, తొక్కి చూశాను. పెడల్ రాయిలా నిలబడింది. వెళ్లిపోయాను. ఆ తర్వాత ఎవరో విప్పారు."

"ఎవరో!" వదిన నవ్వింది. ఆ నవ్వు వినడం కంటే తిట్టు తినడం మేలు. ఆమె వంగి, కాలిపర్‌ని పట్టి ఉంచే బోల్టు వైపు వేలు చూపింది. "మరి ఇదేమిటి?"

బోల్టు మీద ఎర్ర చుక్క ఉంది.

ఆ షెడ్డులో అది తండ్రి పెట్టిన పద్ధతి. బోల్టు ఎవరు బిగిస్తే వాళ్లు దాని మీద తమ రంగు చుక్క పెట్టాలి. రేపు ఊడితే ఎవరి చెవి మెలిపెట్టాలో తెలియాలని ఆయన ఉద్దేశం. అన్నది పసుపు. పదో నంబరుది ఎరుపు. ముందు చక్రాల బోల్టులన్నింటి మీదా ఎర్ర చుక్కలే ఉన్నాయి.

"మీ నాన్న పద్ధతేగా? నీ రంగేగా?" వదిన గొంతు ఇప్పుడు నెమ్మదిగా ఉంది. ఆమె అరిచినప్పటి కంటే అలా మాట్లాడినప్పుడే భయమేస్తుంది. "పొద్దున నేను ఇటు వస్తుంటే ఆయనే అన్నారు, చుక్కలు చూడు, ఎవరు బిగించారో చుక్కలే చెబుతాయి అని. నేనే మర్చిపోయాను. ఇంకేం చూపిస్తావు? బల్ల ఖాళీ చెయ్యి."

పదో నంబరు ఆ చుక్కల కేసి చూస్తూ ఉండిపోయింది. తన రంగే, సందేహం లేదు. తన బల్ల మీది డబ్బాలోదే. మింగలేదు, కక్కలేదు. సంతోషమంతా చల్లారిపోయింది. అలా చూస్తుండగానే ఒక సంగతి తట్టింది. చుక్క బోల్టు తల మీద సరిగా పడలేదు. సగం తల మీద, సగం పక్క ఇనుము మీద పడింది. పక్క బోల్టుది ఇంకా అన్యాయం, తలను అంటీ అంటకుండా ఉంది. తాను చుక్క పెడితే సూదిమొనంత కూడా పక్కకు పోదు. ఎవరో హడావుడిగా పెట్టారు అనుకుంది. గోటితో గీకింది. ఎరుపు పెచ్చుగా లేచింది. దాని కింద పసుపు ఉంది.

"వదినా."

"ఇంకా ఏమిటి?"

"వేలు పెట్టి గీకు."

వదిన గీకింది. ఇంకో బోల్టు కూడా గీకింది. కుడివైపు వెళ్లి అక్కడా గీకింది. వచ్చాక గోళ్లలో ఎరుపూ పసుపూ కలిసిపోయి ఉన్నాయి.

"నువ్వే పసుపు పూసి, పైన ఎరుపు పూసి ఉంటావు," అంది. కానీ ఆ మాటలో మునుపటి పదును లేదు.

"నన్ను నేను ఇరికించుకోవడానికా? అంత పిచ్చిదానిలా కనిపిస్తున్నానా? అయినా బండి ఇక్కడికి వచ్చాక నన్ను గడప తొక్కనిచ్చావా? వీధి తలుపు తాళం నీ దగ్గరే ఉంది. ఇక ఉన్నది మీ ఇంట్లోంచి వచ్చే వెనక తలుపు. ఆ ఇంట్లో ఉండేది నువ్వు, అన్న."

"నోటికొచ్చినట్టు వాగకు. ఆయన మంచం దిగలేరు. చేతికి కంచం అందిస్తే తింటున్నారు."

"నేను ఎవరి పేరూ చెప్పలేదు. నువ్వే చెప్పావు."

వదిన చేయి లేచింది. ఈసారి స్టీరింగు అడ్డం లేదు. అయినా చేయి గాల్లోనే ఆగిపోయింది. ఆమె ఆ చేతి గోళ్లను చూసుకుంది.

"సరిగా బిగించు," అంది చివరికి. "రెండూ మార్చి బిగించు. మళ్లీ గాలి తీద్దాం. కానీ ఈసారి పెడల్ నువ్వు తొక్కు. స్పానర్ నాకివ్వు. కింద నేను కూర్చుంటాను."

"నీకు రాదు."

"పదేళ్లుగా చూస్తున్నాను. తెరవడం, మూయడం. అంత బ్రహ్మవిద్యేం కాదు. గాలి వస్తుందో రాదో నా కళ్లతో చూడాలి. నీ నోటి మాట నాకొద్దు. పెడల్ మీద కూర్చుంటే నువ్వు కింద ఏం గారడీ చేస్తున్నావో నాకెలా తెలుస్తుంది?"

నమ్మకం లేకపోవడంలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు. పదో నంబరు కాలిపర్లు రెండూ విప్పి, వాటి పైపులు ఊడదీసి, కొత్త రాగి వాషర్లు వేసి, వేటి చోటికి వాటిని పంపింది. నిపుల్స్ ఇప్పుడు ఆకాశం కేసి చూస్తున్నాయి. బోల్టులు బిగించి, డబ్బా తెచ్చి, వదిన చూస్తుండగా ఒక్కో బోల్టు తల మీద ఎర్ర చుక్క పెట్టింది. కోటు విప్పి విసిరింది. వదిన అది తొడుక్కుని, చీర మడిచి దోపుకుని, ఎడమ చక్రం పక్కన అట్టముక్క మీద చతికిలబడింది. పదో నంబరు డ్రైవరు సీట్లోకి ఎక్కింది. సీటు ఇంకా వెచ్చగానే ఉంది.

"తొక్కు," అంది కింద నుంచి వదిన. ఆ మాట అనడంలో ఆమెకు కొంత సుఖం దొరికినట్టుంది. "ఊఁ, తొక్కు. పట్టుకో."

నిపుల్ తెరుచుకుంది. కాలి కింద పెడల్ నేల దాకా దిగింది.

"అమ్మో," అంది వదిన. ఆమెకు తెలియకుండానే వచ్చిన మాట. గొట్టం నిండా నురగ. మరిగే పాలల్లో వచ్చేలాంటి నురగ. ఇన్నాళ్లూ పైన దాక్కున్న గాలంతా దారి దొరికిన జనంలా తోసుకుంటూ వచ్చింది. వదిన నిపుల్ బిగించింది. "వదులు." మళ్లీ తొక్కు. మళ్లీ నురగ, ఈసారి తక్కువ. కుడివైపు మారింది. మళ్లీ ఎడమవైపు వచ్చింది. క్రమంగా కాలి కింద పెడల్ గట్టిపడుతూ వచ్చింది. పదో నంబరుకు కళ్లు చెమర్చాయి. తుడుచుకోలేదు, వదిన చూస్తుందేమోనని.

"ఆఖరిసారి," అంది వదిన. "పట్టుకో. గట్టిగా. నేను చెప్పేదాకా వదలకు."

ఆమె అప్పుడే నిపుల్ వదులు చేసింది. అదే సమయానికి వెనక తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. టక్కుమని ఒకటి, నేల మీద ఈడ్చుకుంటూ ఒకటి.

అద్దంలో అన్న కనిపించాడు. మంచం దిగలేని అన్న చంకలో కర్ర పెట్టుకుని, గోడ తడుముకుంటూ, ఎవరికీ వినిపించకూడదన్నట్టు మెల్లగా వస్తున్నాడు. దారిలో ఉన్న ఊడదీసిన చక్రం కాలికి తగిలితే ఆగి, దాన్ని చుట్టి వచ్చాడు. పదో నంబరు కాలు తీయలేదు. తీస్తే గాలి వెనక్కి పోతుంది. చక్రం దగ్గర వదిన కూడా కదల్లేదు. ఆమె చేయి స్పానర్ మీదే ఉంది.

అన్న డ్రైవరు తలుపు దాకా వచ్చి, కిటికీ అంచు పట్టుకుని, లోపలికి వంగాడు. మొహానికి మొహం మూరెడు దూరం. పట్టపగలు, షెడ్డు తలుపు బార్లా తెరిచి ఉంది, ఎండ సరిగ్గా ఆమె మొహం మీదే పడుతోంది. అతను ఆమె కళ్లలోకే చూస్తూ గొంతు తగ్గించాడు.

"ఏమంటోంది నీ ఆడపడుచు?"

పదో నంబరు పెడల్‌ని అలాగే తొక్కిపట్టి అతని కళ్లలోకి చూసింది.

"కిందే ఉందిగా, వినిపించేలా మాట్లాడకులే. చుక్కలు చూపించావా? ఎర్రవి. అవి చూపిస్తే ఇక నోరెత్తదు." అతను ఒక్క క్షణం ఊపిరి తీసుకున్నాడు. "నాకు మాత్రం సరదానా? ఒక కడుపున పుట్టినవాళ్లం. నీకూ చెప్పలేదు గానీ, అది ఈ షెడ్డులో ఉంటే ఇవాళ కాకపోతే రేపు కనిపెట్టేస్తుంది. దాని కళ్లు అలాంటివి. కనిపెడితే నన్ను స్టీరింగు ముట్టనిస్తారా? స్పానర్ పట్టనిస్తారా? మొండిగా ఉండు. బల్ల ఖాళీ చేయించు. ఇంతదాకా వచ్చాక ఇప్పుడు జాలిపడకు."

ఇన్నాళ్లుగా అన్న బల్బులు చాలడం లేదని షెడ్డులో లైట్లు మార్పించడం, స్పానర్ మీది నంబరు చూడమని తనకే ఇవ్వడం, పక్కకు పడ్డ ఎర్ర చుక్కలు, అన్నీ ఒక్కసారిగా ఆమె కళ్ల ముందు తిరిగాయి. అతను ఇంకా ఆమె మొహంలోకే చూస్తున్నాడు. తోడబుట్టిన చెల్లెలి మొహంలోకి. జవాబు కోసం ఎదురుచూస్తున్నాడు.

"ఏమే, మాట్లాడవేం?"

ఎడమ చక్రం పక్క నుంచి, నేల మీద నుంచి, వదిన గొంతు వచ్చింది. కోపం లేదు అందులో. ఆ ఇంట్లో ఆ గొంతును అలా ఎవరూ ఎన్నడూ విని ఉండరు.

"ఏమండీ, నేను ఇక్కడున్నాను. మీరెవరితో మాట్లాడుతున్నారు?"